సగం పనికి ఒక చోటు: ఇంట్లో స్కేల్ మోడళ్ళ బల్ల

పుట్టినరోజుకు వచ్చిన విమానం కిట్, సైన్సు ఫెయిర్ కోసం కొన్న రాకెట్ కిట్, వేసవి సెలవుల్లో మొదలుపెట్టిన అట్టముక్కల చార్మినార్ - మన ఇళ్ళలో ఇలాంటివి చాలానే ఉంటాయి. వాటిలో పూర్తయినవి ఎన్ని అంటే మాత్రం వేళ్ళ మీద లెక్కపెట్టవచ్చు. "ఈ కాలం పిల్లలకు ఓపిక ఎక్కడిది?" అని పెద్దలం అనేస్తూ ఉంటాం. మన తెలుగు బడికి వచ్చే నాలుగైదు కుటుంబాల వాళ్ళం దీన్ని గురించి మాట్లాడుకున్నప్పుడు మాకు తోచింది వేరు. చాలా ఇళ్ళలో ఈ పని జరిగేది భోజనాల బల్ల మీద. సాయంత్రం అన్నం వేళకు బల్ల ఖాళీ చెయ్యాలి. జిగురు ఆరని రెక్క, రంగు వెయ్యని చక్రం, విడిగా పెట్టుకున్న చిన్న ముక్కలు అన్నీ ఒకే పెట్టెలోకి పోతాయి. మరునాడు ఆ పెట్టె తెరిస్తే ఏ ముక్క ఎక్కడిదో తెలియదు. నాలుగో రోజుకు పెట్టె గరాజులో అటక ఎక్కుతుంది.

అంటే కొరత ఓపికలో కాదు, చోటులో ఉంది. సగం అయిన పని ఎక్కడ ఉన్నది అక్కడే రేపటిదాకా కదలకుండా ఉండగలిగితే చాలు, పిల్లలు తామే మళ్ళీ వచ్చి కూర్చుంటారు. అలాంటి చోటు ఇంట్లో ఎలా ఏర్పాటు చేసుకోవాలో, అందులో ప్రమాదం లేకుండా ఎలా చూసుకోవాలో ఈ వ్యాసంలో చెప్పుకుందాం.

ముందు కొలత, తరువాత బల్ల

బల్ల కొనేముందు ఏం కట్టబోతున్నామో చూసుకోవాలి. స్కేల్ అంటే అసలు వస్తువును ఎన్నో వంతుకు తగ్గించాం అన్న లెక్క. 1/72 స్కేల్‌లో అసలువి ఆరు అడుగులు మోడల్‌లో ఒక అంగుళం అవుతాయి. అంటే ఆరడుగుల మనిషి అంగుళం పొడవు ఉంటాడు. 1/48లో నాలుగు అడుగులకు ఒక అంగుళం. ఈ లెక్క పిల్లల చేతనే చేయిస్తే భాగహారం దానంతట అదే వస్తుంది.

ఉదాహరణకు, మనలో చాలామంది ఇండియాకు ఎక్కి వెళ్ళిన బోయింగ్ 747-400 విమానం పొడవు 70.7 మీటర్లు, రెక్కల వెడల్పు 64.4 మీటర్లు. 1/144 స్కేల్‌లో అది సుమారు 49 సెంటీమీటర్ల పొడవు, 45 సెంటీమీటర్ల వెడల్పు అవుతుంది. శ్రీహరికోట నుంచి ఎగిరే పి.ఎస్.ఎల్.వి. రాకెట్ ఎత్తు 44 మీటర్లు. 1/100లో అట్టతో చేస్తే 44 సెంటీమీటర్లు. చార్మినార్ ఎత్తు సుమారు 56 మీటర్లు, ఒక్కొక్క పక్క సుమారు 20 మీటర్లు. అదే 1/100లో 56 సెంటీమీటర్ల ఎత్తు, 20 సెంటీమీటర్ల పక్క. చంద్రుడి మీదికి మనుషుల్ని తీసుకువెళ్ళిన శాటర్న్ 5 రాకెట్ మాత్రం 110 మీటర్లు దాటుతుంది. 1/144లో కూడా అది 77 సెంటీమీటర్లు. కనుక దానికి బల్లకన్నా ముందు అలమరలో ఎత్తు చూసుకోవాలి.

ఈ లెక్కల్ని బట్టి మాకు తేలినది ఏమిటంటే, రెండు అడుగుల వెడల్పు, నాలుగు అడుగుల పొడవు ఉన్న మామూలు బల్ల చాలా మోడళ్ళకు సరిపోతుంది. పెద్ద బల్ల దొరికితే సంతోషమే కానీ, బల్ల పెద్దదైన కొద్దీ దాని మీద ఉత్తరాలు, బిల్లులు, మడతపెట్టని బట్టలు చేరిపోతాయి!

చోటు ఎక్కడ?

ఈ దేశంలో ఇల్లు అనగానే గరాజు, బేస్‌మెంటు గుర్తుకు వస్తాయి. రెండింటిలోనూ చిక్కులున్నాయి. చలి రాష్ట్రాల్లో గరాజులో పెట్టిన నీటి రంగులు, అంటే ఎక్రిలిక్ రంగులు గడ్డకట్టి పాడవుతాయి. బేస్‌మెంటులో చెమ్మకు అట్ట, కాగితం వంకర తిరుగుతాయి. కనుక అట్ట మోడళ్ళను సిమెంటు నేల మీద పెట్టకుండా అలమరలో పైన పెట్టాలి. అన్నిటికన్నా ముఖ్యం, గ్యాసు వాటర్ హీటరు, ఫర్నేసు ఉండేవి సాధారణంగా ఈ రెండు చోట్లే. వాటిలో మంట ఉంటుంది. స్ప్రే డబ్బాలు, థిన్నర్లు, ఘాటైన జిగుర్ల ఆవిరికి ఆ మంట తగిలితే అంటుకుంటుంది. అవి ఉన్న గదిలో అటువంటి పని పెట్టుకోకూడదు.

మా అనుభవంలో అన్నిటికన్నా మంచిది కిటికీ ఉన్న గదిలో ఒక మూల. గది మొత్తం అక్కరలేదు. కింద కార్పెట్ ఉంటే దాని మీద ఆఫీసు కుర్చీల కింద వేసే ప్లాస్టిక్ చాప వేసుకుంటే జిగురు పడ్డా భయం లేదు, అద్దె ఇంటివారికి డిపాజిట్టు పోతుందన్న బెంగ ఉండదు. అలమరల కోసం గోడకు రంధ్రాలు చేసేవారు ఇల్లు ఏ సంవత్సరంలో కట్టారో చూసుకోవాలి. అమెరికాలో ఇళ్ళకు వేసే రంగుల్లో సీసాన్ని నిషేధించింది 1978లో. అంతకు ముందు కట్టిన ఇళ్ళలో పాత రంగును గీకటం, గోడలు తొలవటం వల్ల వచ్చే దుమ్ము పిల్లలకు మంచిది కాదు. అలాంటి ఇంట్లో నేల మీద నిలబడే అలమర కొనుక్కోవటమే మేలు.

అపార్టుమెంటులో వేరే బల్లకు చోటు లేదంటారా? పెద్ద అంచులున్న పళ్ళెం ఒకటి, అది పట్టే మూత డబ్బా ఒకటి తీసుకోండి. పని అంతా పళ్ళెంలోనే చెయ్యాలి. అన్నం వేళకు పళ్ళెం ఉన్నది ఉన్నట్టుగా ఎత్తి డబ్బాలో పెట్టి, మంచం కిందికో అలమరలోకో తొయ్యాలి. జిగురు గానీ రంగు గానీ ఆరకపోతే మూత కొంచెం తెరిచి, పిల్లలకు అందని ఎత్తులో ఉంచాలి. బల్ల ఖాళీ అవుతుంది, పని చెదరదు. మా కుటుంబాల్లో ఇద్దరు ఇలాగే నడిపిస్తున్నారు.

వెలుతురు, కుర్చీ

గది మధ్యలో పైనుంచి వచ్చే దీపం చాలదు, మన తల నీడే పని మీద పడుతుంది. కుడిచేతి వాటం వారికి దీపం ఎడమ వైపు నుంచి, ఎడమచేతి వాటం వారికి కుడి వైపు నుంచి రావాలి. రెండు వైపులా రెండు చిన్న ఎల్.ఇ.డి. దీపాలు పెట్టుకుంటే నీడల గొడవే ఉండదు. దీపం పెట్టె మీద 5000 నుంచి 6500 కెల్విన్ అని ఉంటే అది పగటి వెలుతురుకు దగ్గరగా ఉంటుంది. రంగులు సరిగా కనిపించాలంటే సి.ఆర్.ఐ. 90 పైన ఉన్నది చూసుకోవాలి. పసుపు దీపం కింద కలిపిన రంగు తెల్లవారి చూస్తే వేరుగా కనిపించటం రంగులు కలిపేవారందరికీ తెలిసినదే.

కూర్చున్నప్పుడు మోచేతులు బల్ల మీద హాయిగా ఆనాలి, మెడ వంగకూడదు. పిల్లవాడికి కుర్చీ ఎత్తు పెంచితే కాళ్ళ కింద ఒక పీట వెయ్యండి. ఇండియా నుంచి వచ్చిన తాతగారో అమ్మమ్మగారో పక్కన కూర్చునే ఇంట్లో భూతద్దం ఉన్న దీపం ఒకటి పెడితే వాళ్ళూ పనిలోకి దిగుతారు. అమెరికాలో పగలంతా ఏం తోచక కూర్చునే పెద్దవాళ్ళకు ఇది మంచి కాలక్షేపం.

గాలి

ఈ పనిలో కంటికి కనిపించని ప్రమాదం ఇదే. ప్లాస్టిక్ మోడళ్ళ జిగురు మామూలు జిగురులా అతికించదు. ప్లాస్టిక్‌ను కరిగించి రెండు ముక్కల్ని ఒకటి చేస్తుంది. అలా కరిగించే ద్రవం ఆవిరై గాలిలో కలుస్తుంది. అందువల్ల కిటికీ తెరిచి పని చెయ్యాలి. చిన్న పిల్లలకు నీటితో కడిగితే పోయే ఎక్రిలిక్ రంగులు, కుంచె చాలు. కొనేటప్పుడు డబ్బా మీద ఏ.ఎస్.టి.ఎం. డి-4236 అన్న గుర్తు ఉందో లేదో చూడండి. అయితే ఆ గుర్తు ఉన్నంత మాత్రాన హాని లేదని కాదు. అందులో హానికరమైనది ఉంటే ఆ సంగతి డబ్బా మీద రాసి ఉంటుందని అర్థం. కనుక హెచ్చరికలు కూడా చదవాలి.

గాలితో రంగు చిమ్మే ఎయిర్ బ్రష్ వాడాలంటే రంగు తుంపరను బయటికి పంపే స్ప్రే బూత్ కావాలి. దాని గొట్టం ఎంత పొట్టిగా, ఎంత తిన్నగా కిటికీలోకి వెళితే అంత మంచిది. ఫ్యాను గాలిని బయటికి తోస్తుంటే లోపలికి గాలి రావటానికి ఇంకో కిటికీ కొద్దిగా తెరిచి ఉంచాలి. లేకపోతే గ్యాసు హీటరు పొగగొట్టం నుంచి విషవాయువు వెనక్కి ఇంట్లోకి లాగే ప్రమాదం ఉంది. గాలి ఎటు పోతోందో తెలుసుకోవటానికి మన దేవుడి గదిలోనే సాధనం ఉంది. రంగు డబ్బాలు, థిన్నరు మూతలు తెరవకముందే ఒక అగరవత్తి వెలిగించి బల్ల దగ్గర పట్టుకుంటే, పొగ కిటికీ వైపు పోతోందా, మన ముఖం మీదికి వస్తోందా చూడవచ్చు. చూసిన తరువాత అగరవత్తి పూర్తిగా ఆర్పి, ఆ తరువాతే పని మొదలుపెట్టాలి.

దుమ్ముకు వాడే మామూలు మాస్కు ఆవిరిని ఆపదు. ఆవిరికి దానికి తగిన కార్ట్రిడ్జి ఉన్న మాస్కు కావాలి. అవి పెద్దవాళ్ళ ముఖాలకు తయారయ్యేవే కనుక ఘాటైన రంగుల స్ప్రే పని పెద్దవాళ్ళకే వదిలిపెట్టాలి. గరుకు కాగితంతో రుద్దేటప్పుడు కాగితాన్ని నీటిలో తడిపి రుద్దితే దుమ్ము లేవదు. ఇప్పుడు ఇళ్ళలోకి వస్తున్న రెజిన్ 3డి ప్రింటర్ల విషయంలో కూడా ఇంతే జాగ్రత్త. గట్టిపడని రెజిన్‌ను వట్టి చేతులతో తాకకూడదు.

పనిముట్లు

మొదట్లో కొనవలసినవి ఐదారే: కోత చాప, సన్నని కత్తి, ముక్కల్ని చట్రం నుంచి వేరుచేసే చిన్న కటింగ్ ప్లయర్, పట్టకారు, చిన్న ఆకురాయి, రెండు మూడు కుంచెలు. మొండి కత్తి కన్నా పదునైన కత్తే క్షేమం. మొండిదాన్ని బలంగా నొక్కుతాం, అది జారుతుంది. పాత బ్లేడ్లను చెత్తబుట్టలో వెయ్యకుండా మూతకు సన్న గాటు పెట్టిన డబ్బాలో వేసుకోవాలి.

కిందపడిన ముక్కను వెతకటంలోనే సగం సాయంత్రం పోతుంది. దీనికి ఒక సులువు ఉంది. పాత పంచె గానీ దుప్పటి గానీ తీసుకుని, ఒక అంచును బల్ల అంచుకు క్లిప్పులతో బిగించి, రెండో అంచును ఒళ్ళో పరుచుకోవాలి. పడిన ముక్క ఒళ్ళోనే ఉంటుంది. బంగారం పనివారు రజను నేలపాలు కాకుండా చూసుకునే జాగ్రత్త లాంటిదే ఇదీను. అయితే సూపర్ గ్లూ, అంటే ఇండియాలో ఫెవిక్విక్ లాంటిది, వాడేటప్పుడు మాత్రం ఈ నూలు గుడ్డ తీసెయ్యాలి. నూలు మీద ఆ జిగురు ఎక్కువగా పడితే చెయ్యి కాలేంత వేడి పుడుతుంది. వేళ్ళు అతుక్కుంటే లాగకుండా గోరువెచ్చని సబ్బు నీటిలో నానబెట్టి మెల్లగా విడదియ్యాలి.

పసిపిల్లలున్న ఇంట్లో

మూడేళ్ళ లోపు పిల్లలు దొరికినదల్లా నోట్లో పెట్టుకుంటారు. చిన్న ముక్కలు, ముఖ్యంగా చిన్న అయస్కాంతాలు, వాళ్ళకు ప్రాణాపాయం. కనుక సొరుగులకు తాళమో గొళ్ళెమో ఉండాలి. రంగు కలిపిన నీళ్ళను తాగే గ్లాసులో పెట్టకూడదు. బల్ల దగ్గర తినకూడదు, తాగకూడదు, లేచాక చేతులు కడుక్కోవాలి. ఏదైనా మింగారని అనుమానం వస్తే అమెరికా అంతటికీ ఒకటే పాయిజన్ కంట్రోల్ నంబరు: 1-800-222-1222. రాత్రయినా పగలైనా ఉచితంగా సలహా చెబుతారు. అయస్కాంతం మింగితే వెంటనే ఆసుపత్రికి, ఊపిరి ఆడకపోతే 911కి. ఈ నంబర్లు బల్ల పక్క గోడకు అతికించి ఉంచండి.

బల్ల దగ్గర తెలుగు

మన బడిలో వారానికి రెండు గంటలు నేర్పిన తెలుగు మిగిలిన రోజుల్లో పిల్లల నోట నిలవటం కష్టం. ఈ బల్ల దగ్గర అది తేలికగా నిలుస్తుందని మేము గమనించాం. సొరుగుల మీద "కుంచెలు", "జిగురు", "ఆకురాళ్ళు", "మిగిలిన ముక్కలు" అని పిల్లల చేతనే తెలుగులో రాయించండి. "పట్టకారు ఇటివ్వు", "అతుకు కనపడుతోంది, ఇంకొంచెం రుద్దు", "పూత ఆరనివ్వు" - ఇవి పాఠాలు కావు, పనిలో వచ్చే మాటలు. చేతికి పని ఉన్నప్పుడు పిల్లలు తప్పులకు సిగ్గుపడకుండా మాట్లాడతారు.

కొండపల్లిలో తెల్ల పొణికి కర్రతో చేసే బొమ్మల పని తరతరాలుగా ఇళ్ళలోనే సాగుతోంది. విడివిడిగా చెక్కిన భాగాలను చింతగింజల పిండి, రంపపు పొట్టు కలిపిన ముద్దతో అతికించి, ఆరబెట్టి, రంగులు వేస్తారు. మన పిల్లలు ప్లాస్టిక్‌తో చేసేది కూడా అదే క్రమం: కోత, అతుకు, ఆరబెట్టటం, పూత. వచ్చే సంక్రాంతికో దసరాకో మీ బొమ్మల కొలువులో కొండపల్లి బొమ్మల పక్కన మీ పిల్లలు కట్టిన విమానానికో, శ్రీహరికోట రాకెట్‌కో ఒక మెట్టు కేటాయించండి. పూర్తి చెయ్యటానికి ఒక గడువు, చూపించుకోవటానికి ఒక వేదిక రెండూ దొరుకుతాయి.

ఈ వారాంతంలో కొత్త కిట్ కొనకండి. గరాజులో అటకెక్కిన పాత పెట్టెను దించి, ఇంట్లో ఒక మూల చూసి, దాని కోసం బల్ల గానీ పళ్ళెం గానీ సిద్ధం చెయ్యండి. "ఇక్కడున్నది ఎవరూ కదపరు" అని పిల్లలకు మాట ఇవ్వండి. ఆ మాట నిలబెట్టుకోవటమే పెద్దలుగా మన వంతు. మిగిలిన పని వాళ్ళే చూసుకుంటారని మా నమ్మకం.