కారు లైసెన్సుతో మోటారు సైకిలు నడుపవచ్చునా?

ఇరువది యేండ్లుగా కారు నడుపుచున్న శ్రోత యొకరు మమ్ము నిట్లు ప్రశ్నించినారు: "నాలుగు చక్రముల బండి నడుపువానికి రెండు చక్రముల బండి యొక లెక్కా?" లెక్కయే యనుచున్నది చట్టము.

మన దేశమున నేడు అమలులోనున్నది 1988 నాటి మోటారు వాహనముల చట్టము. ఏ తరగతి వాహనమును నడుపదలచినచో ఆ తరగతికి చెల్లు లైసెన్సే యుండవలెనని దాని 3వ సెక్షను శాసించుచున్నది. 10వ సెక్షనులో ఆ తరగతులు గలవు. గేరు లేని మోటారు సైకిలు ఒకటి, గేరు గలది వేరొకటి, తేలిక మోటారు వాహనము మరియొకటి. కారు ఈ కడపటి దానిలో చేరును.

ఈ 'తేలిక' యను మాటయే పెక్కుమందిని పొరబడజేయుచున్నది. కారే తేలికదైనచో అంతకంటె తేలికయైన మోటారు సైకిలు అందు చేరదా యని వారి తర్కము. కాని చట్టము చెప్పిన నిర్వచనములో 7,500 కిలోలు మించని కార్లు, ట్రాక్టర్లు మొదలగునవి యున్నవి. మోటారు సైకిలు లేదు. ఇటలీలో కారు లైసెన్సుపై 125 సి.సి. వరకు చిన్న మోటారు సైకిళ్లను ఆ దేశమున నడుపవచ్చును. మన చట్టమున అట్టి వెసులుబాటు లేదు.

ఇది గుమాస్తాల పట్టుదల యని మేము తలపము. కారు తనంత తాను నిలుచును; మోటారు సైకిలును మనిషి నిలుపవలెను. కారునకు కాలిక్రింద బ్రేకు ఒక్కటే. మోటారు సైకిలుకు సాధారణముగా ముందు బ్రేకు చేతిలోను, వెనుకది కాలిక్రిందను ఉండును. తడిసిన మలుపులో ముందు బ్రేకును బిగబట్టినచో చక్రము జారును. స్టీరింగు పట్టిన యనుభవము అచ్చట అక్కరకు రాదు.

తగిన లైసెన్సు లేక నడిపినవానికి, 2019 సవరణ ననుసరించి, మూడు నెలలవరకు ఖైదు గాని, 5,000 రూపాయల జరిమానా గాని, రెండును గాని విధింపవచ్చును. తెలిసి బండి నిచ్చిన యజమానికిని ఇదే శిక్ష.

ఇంతకంటె బరువైనది ప్రమాదము జరిగినప్పటి మాట. నడిపినవానికి తగిన లైసెన్సు లేదని భీమా కంపెనీ వాదింపవచ్చును. లైసెన్సు లేనంతమాత్రమున కంపెనీ బాధ్యత తొలగదనియు, యజమాని తగు జాగ్రత్త వహింపలేదని నిరూపింపవలెననియు స్వరణ్ సింగ్ కేసులో సుప్రీంకోర్టు 2004లో తీర్పు చెప్పినది. అట్లు నిరూపించినను, బాధితునికి సొమ్ము ముందు కంపెనీచే చెల్లింపజేసి, పిదప యజమాని నుండి రాబట్టుకొన ననుమతించుట కలదు. బజారుదాక పోయివత్తునన్న బావమరదికి తాళపుచెవి నిచ్చిన పాపమునకు ఇల్లు అమ్ముకొనవలసి రావచ్చును.

నివారణ కష్టసాధ్యము కాదు. ఉన్న లైసెన్సునకే కొత్త తరగతిని చేర్పించుకొనుటకు 11వ సెక్షను వీలు కల్పించినది. మోటారు సైకిలుకు అభ్యాసకుల లైసెన్సు పొంది, కనీసము 30 దినములు గడచిన పిదప ఆ బండిపైననే పరీక్ష నీయవలెను. కార్డుపై ఎల్.ఎమ్.వి. అని మాత్రమే యున్నచో అది కారునకు. గేరు గల మోటారు సైకిలుకు ఎమ్.సి.డబ్ల్యు.జి. అను అక్షరములు కూడ నుండవలెను. మా శ్రోత కార్డుపై అవి లేవట.