కాపలాకు మత్తు.. కడుపులో తిష్ఠ!

పొద్దున్నే పరగడుపున ఒక గ్యాస్‌ మాత్ర. వేసుకుంటే హాయి, మానేస్తే మళ్లీ మంట. మీదీ ఇదే వరసా? అయితే మీ కడుపులో హెలికోబ్యాక్టర్‌ పైలోరీ ఉందేమో ఒకసారి చూపించుకోవటం మంచిది. జీర్ణాశయంలో, చిన్నపేగు మొదట్లో పుండ్లు పడటానికి ప్రధాన కారణాలు రెండు. ఒకటి ఈ బ్యాక్టీరియా, రెండోది నొప్పి మాత్రలు. అప్పట్లో ఈ మాటంటే డాక్టర్లే నమ్మలేదు. 1984లో ఆస్ట్రేలియా వైద్యుడు బ్యారీ మార్షల్‌ ఈ బ్యాక్టీరియాను తానే తాగి, జీర్ణాశయ వాపు తెచ్చుకొని మరీ చూపించారు. రాబిన్‌ వారెన్‌తో కలిసి 2005లో నోబెల్‌ అందుకున్నారు.

ఇది చాలామందికి చిన్నప్పుడే, తరచూ ఇంట్లోవాళ్ల నుంచే అంటుకుంటుంది. మందులు వాడకపోతే చాలావరకు జీవితాంతం ఉండిపోతుంది. మామూలు జలుబును వారం పది రోజుల్లో తరిమేసే మన శరీరం దీన్ని దశాబ్దాలైనా ఎందుకు వదిలించుకోలేకపోతోంది?

కడుపులోని ఆమ్లం సంగతి అది తేలిగ్గానే చూసుకుంటుంది. అమ్మోనియా తయారుచేసుకొని చుట్టూ ఉన్న ఆమ్లాన్ని విరిచేసి, జిగురుపొరలోకి దూరిపోతుంది. అసలు గడుసుతనం టి కణాల దగ్గర చూపిస్తుంది.

టి కణాలంటే తెల్ల రక్తకణాల్లో ఒక రకం. శత్రువు జాడ తెలియగానే ఇవి ఒకటి రెండై, రెండు నాలుగై పెద్ద దండుగా మారాలి. అలా పెరగటానికి ఇంటర్‌ల్యూకిన్‌-2 అనే సంకేతం కావాలి. పైలోరీ వదిలే వాక్‌-ఎ అనే విషపదార్థం టి కణంలోకి చొరబడి, ఈ సంకేతం పుట్టటానికి తోడ్పడే క్యాల్సిన్యూరిన్‌ ఎంజైమ్‌ను పనిచేయనివ్వదని ప్రయోగశాల పరిశోధనల్లో తేలింది. కిడ్నీ మార్పిడి చేయించుకున్నవారు మన ఇళ్లల్లో ఎవరైనా ఉంటే టాక్రోలిమస్‌ మాత్ర పేరు వినే ఉంటారు. కొత్త కిడ్నీ మీద ఒళ్లు తిరగబడకుండా ఆ మాత్ర అడ్డుకునేదీ సరిగ్గా ఈ ఎంజైమ్‌నే. మనుషులు మందుగా వాడుకునే కిటుకు ఈ సూక్ష్మజీవికి ముందే తెలుసన్నమాట!

అంతటితో ఆగదు. టి కణాలు ఎదగటానికి అవసరమైన గ్లుటమైన్‌ను మరో ఎంజైమ్‌తో విరగ్గొట్టి, వాటి నోటి దగ్గరి కూడు లాగేస్తుంది. పైగా, మన రక్షణ వ్యవస్థ అతిగా చెలరేగకుండా సర్దిచెప్పే నియంత్రక టి కణాలను తన చుట్టూ పోగేసుకుంటుంది.

దీంతో పోరు ఆగదు, గెలుపూ రాదు. జీర్ణాశయం గోడలో వాపు ఏళ్ల తరబడి రగులుతూనే ఉంటుంది. చాలామందికి ఏ ఇబ్బందీ ఉండదు. కొందరికి అల్సర్లు, బహు కొద్దిమందికి క్యాన్సర్‌. దీన్ని 1994లోనే క్యాన్సర్‌ కారకాల జాబితాలో చేర్చారు.

కాబట్టి అదే పోతుందిలే అని కూర్చోవద్దు. రక్తపరీక్షలో యాంటీబాడీలు కనిపిస్తే సరిపోదు. బ్యాక్టీరియా పోయాక కూడా అవి చాలాకాలం ఉంటాయి. శ్వాస పరీక్ష, మల పరీక్ష నమ్మదగినవి. వీటికి ముందు గ్యాస్‌ మాత్రలు రెండు వారాలు ఆపాలి.. అదీ డాక్టర్‌కు చెప్పే. లేకపోతే బ్యాక్టీరియా ఉన్నా లేనట్టే చూపించొచ్చు.

చికిత్స సాధారణంగా 14 రోజులు. ఆమ్లం తగ్గించే మందుతో పాటు రెండు మూడు యాంటీబయాటిక్స్‌ ఇస్తారు. ఐదో రోజుకే మంట తగ్గిందని చాలామంది ఆపేస్తారు. తగ్గింది ఆమ్లం, బ్యాక్టీరియా కాదు! సగంలో వదిలేస్తే మిగిలినవి మందులకు లొంగకుండా మొండికేస్తాయి. పక్కింటివాళ్ల పాత చీటీతో మందులు కొనటమూ ఇందుకే వద్దు. కోర్సు పూర్తయిన నాలుగు వారాల తర్వాత మళ్లీ పరీక్ష చేయించుకుంటేనే పోయిందో లేదో తెలిసేది.

మలం తారులా నల్లగా రావటం, రక్తపు వాంతులు అయితే వెంటనే ఆసుపత్రికి వెళ్లాలి. కారణం లేకుండా బరువు తగ్గినా, ముద్ద మింగటం కష్టమైనా శ్వాస పరీక్షతో సరిపెట్టుకోకుండా ఎండోస్కోపీ గురించి అడగండి.