4.3 అపార్ట్‌మెంట్ యజమానుల సంఘం: ప్రయోజనాలు, పరిమితులు

ఫ్లాటు సొంతమే అయినా మెట్లు, లిఫ్టు, బోరు, డాబా ఉమ్మడి ఆస్తి. దీని నిర్వహణ బాధ్యత యజమానుల సంఘానిది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1987లో వచ్చిన అపార్ట్‌మెంట్ల చట్టం, 2016 నాటి కేంద్ర స్థిరాస్తి నియంత్రణ, అభివృద్ధి చట్టం (రెరా) ఈ సంఘాలకు చట్టపరమైన ప్రాతిపదిక కల్పించాయి.

ప్రయోజనాలు: వాచ్‌మన్ జీతం, లిఫ్టు మరమ్మతు, వేసవిలో నీటి ట్యాంకర్ల ఖర్చును అందరూ పంచుకోవడం వల్ల ఒక్కొక్కరి భారం తగ్గుతుంది. రెరా ప్రకారం, ఫ్లాటు అప్పగించిన 5 సంవత్సరాలలోపు నిర్మాణ లోపం బయటపడితే, తెలియజేసిన 30 రోజుల్లో నిర్మాణదారు ఉచితంగా సరిచేయాలి. చేయకపోతే సంఘమే ఫిర్యాదు చేయవచ్చు. ఒక్కొక్కరు విడివిడిగా తిరగనవసరం లేదు.

పరిమితులు: మెజారిటీ తీర్మానం దానికి అంగీకరించనివారికీ వర్తిస్తుంది. కింది అంతస్తువారు లిఫ్టు ఎక్కకపోయినా సాధారణంగా దాని ఖర్చులో వాటా చెల్లించాలి. కొందరు నెలవారీ మెయింటెనెన్స్ ఎగవేస్తే ఆ భారం సక్రమంగా చెల్లించేవారిపై పడుతుంది. సర్వసభ్య సమావేశానికి సభ్యులు రాకపోతే ఇద్దరు ముగ్గురి మాటే సంఘం మాటవుతుంది. నచ్చలేదని తప్పుకోవాలంటే ఇల్లే అమ్ముకోవాలి. అందువల్ల ఏటా లెక్కల తనిఖీ, సకాలంలో ఎన్నికలు సభ్యులకు ముఖ్య రక్షణలు.

మీ ప్రగతిని సమీక్షించుకోండి: సంఘం తీర్మానం అందరికీ వర్తించడం ప్రయోజనమా, పరిమితియా? ఒక ఉదాహరణతో వివరించండి.