వాన పడితే ఏ దారి తెగుతుంది?

రోడ్ల ముంపు ముప్పును అంచనా వేయడంలో రెండు ప్రశ్నలున్నాయి. నీళ్లు ఎక్కడ నిలుస్తాయన్నది మొదటిది. దానికి జవాబు ఆ వీధిలో చాయ్ అమ్మేవాడైనా చెబుతాడు. అక్కడ దారి తెగితే ఊరు ఎంతమేర ఆగిపోతుందన్నది రెండోది. లెక్కలు కావలసింది దీనికే.

జూబ్లీహిల్స్, ఫిల్మ్‌నగర్ హైదరాబాద్‌లో రాతిగుట్టల మీద వెలిశాయి. బండలో నీరు ఇంకదు, కాంక్రీటు పరిచాక అసలే ఇంకదు. గుట్ట దిగిన వాన, సినిమా కార్మికులు ఎక్కువగా ఉండే కృష్ణానగర్ పల్లానికి చేరుతుంది. ఇటు మోతీనగర్‌కు దగ్గర్లో మూసాపేట, ఫతేనగర్‌ల మీదుగా కూకట్‌పల్లి నాలా హుస్సేన్‌సాగర్‌కు సాగుతుంది. చదరపు కిలోమీటరు మేర గంటలో 5 సెంటీమీటర్ల వాన కురిస్తే 5 కోట్ల లీటర్లు. అందులో 80 శాతం పల్లానికి జారితే సెకనుకు సుమారు 11 వేల లీటర్లు. నాలా మోయలేనిదంతా రోడ్డెక్కుతుంది. రోజు మొత్తం వానే చూస్తే ఈ జోరు కనబడదు. గంట లెక్కే ముఖ్యం.

ఎత్తుపల్లాల పటంతో ఏ రోడ్డుపై ఎంత లోతు నీరు నిలుస్తుందో లెక్క కడతారు. దాదాపు 30 సెంటీమీటర్లు దాటితే మామూలు కార్లకు ఆ దారి మూసినట్టే. వాలు వీధుల్లో వడి ఉంటే అంతకన్నా తక్కువ నీటికే బైకులు కొట్టుకుపోతాయి.

తర్వాత కూడళ్లను చుక్కలుగా, రోడ్లను గీతలుగా గీసి, మునిగే గీతను చెరిపి, చుట్టుదారి ఎంత పెరిగిందో చూస్తారు. మోతీనగర్ నుంచి జూబ్లీహిల్స్‌కు బోరబండ, యూసుఫ్‌గూడల మీదుగా వెళ్లొచ్చు. ఎర్రగడ్డ, అమీర్‌పేటల మీదుగానూ వెళ్లొచ్చు. ఒకటి మునిగితే బండ్లన్నీ రెండోదాని మీద పడతాయి. ఒకే మబ్బు రెండింటినీ ముంచితే రెండో దారి కాగితం మీదే మిగులుతుంది.

చుట్టుదారి లేని రోడ్డు మునిగితే ఇంకా ప్రమాదం. 2020 అక్టోబరులో ఘట్‌కేసర్ వైపు 32 సెంటీమీటర్ల వాన పడిన ఆ రాత్రే గగన్‌పహాడ్ దగ్గర అప్పచెరువు తెగి బెంగళూరు హైవే దెబ్బతింది. 2023 జులైలో, మళ్లీ 2024 సెప్టెంబరులో మున్నేరు నది పొంగి, నందిగామ దగ్గర ఐతవరం వద్ద విజయవాడ హైవే ఆగిపోయింది. మునిగింది కొద్ది దూరమే, నిలిచిపోయింది రెండు రాష్ట్రాల రాకపోకలు.

ఇంత లెక్కా తప్పే ముఖ్యమైన చోటు ఒకటుంది: పటంలోని నాలా, నేల మీది నాలా ఒకటి కానప్పుడు. పూడిక పేరుకున్న తూము, ఆక్రమణతో ఇరుకైన కాలువ పటానికి తెలియవు. అందుకే తొలకరికి ముందు ఏటా వాటి వెడల్పు, లోతు టేపు పెట్టి కొలవాల్సిందే.