చల్కా నేలల్లో మినీ ట్రాక్టరుకు బాక్స్ బ్లేడు ఎంపిక

ఉమ్మడి నల్గొండ, మహబూబ్‌నగర్ జిల్లాల్లో ఎర్ర చల్కా నేలలు విస్తారంగా ఉన్నాయి. వీటిలో చాలాచోట్ల పైమట్టి పొర పలుచన. దాని దిగువన మొరం ఉంటుంది. కావున చదును చేసే పరికరం ఎంపికలో పని వేగం కన్నా పైమట్టి సంరక్షణకే ప్రాధాన్యమివ్వాలి.

సాధారణ లెవెలింగ్ బ్లేడు మట్టిని పక్కలకు జారవిడుస్తుంది. బాక్స్ బ్లేడుకు ఇరువైపులా పలకలుండటం వలన మట్టి లోపలే నిలిచి మెరక నుండి పల్లానికి చేరుతుంది.

బ్లేడు వెడల్పు ట్రాక్టరు వెనుక చక్రాల వెలుపలి అంచుల మధ్య దూరానికి సమానంగా గాని, స్వల్పంగా అధికంగా గాని ఉండాలి. తక్కువైతే చక్రాల జాడలు చెరగవు. మరీ ఎక్కువైతే మట్టి నిండినపుడు చక్రాలు జారి డీజిల్ వృథా అవుతుంది. పరికరం బరువు హైడ్రాలిక్ లిఫ్టు సామర్థ్యానికి లోబడి ఉండాలి. ఎత్తినపుడు ముందు చక్రాలు తేలిపోకుండా అవసరమైతే ముందు భాగాన అదనపు బరువులు అమర్చాలి.

గట్టి నేలను పెకలించే పళ్ల లోతును మార్చుకునే వీలు తప్పనిసరి. టాప్ లింకును కుదిస్తే పళ్లు లోతుగా దిగుతాయి; పొడిగిస్తే వెనుక అంచు నేలను సాపు చేస్తుంది. పళ్లు మొరాన్ని పెకలిస్తే రాళ్లు పైకి వచ్చి, పైరుకు పోషకాలు, తేమ కొరవడతాయి.

అందువలన ముందుగా పొలంలో పలుచోట్ల గుంతలు తవ్వి పైమట్టి లోతును కొలవాలి. మెరకను అంతకు మించి కోయవలసి వస్తే పైమట్టిని వేరుగా కుప్పవేసి, చదును చేసిన పిదప తిరిగి పరచాలి. అది సాధ్యం కాని వాలు చేలల్లో సమతల గట్లే మేలు.