మీకు తెలుసా? చక్రాల మీద ఇల్లు కొనే ముందు ఇవి వినండి!

రిటైరయ్యాక అమెరికా అంతా చుట్టేయాలనుందా? ఫిఫ్త్ వీల్ అనే క్యాంపర్ ట్రైలర్ మీద కన్నుపడిందా? అయితే కుర్చీ కాస్త దగ్గరికి లాక్కోండి. అమ్మేవాళ్లు చెప్పని ముచ్చట్లు బోలెడున్నాయి!

ఈ ట్రైలర్‌ని ట్రక్కు వెనక కొక్కేనికి తగిలించరు! దాని ముక్కు పికప్ తొట్టిలోకి వచ్చేస్తుంది. వెనక ఇరుసు మీదే కూర్చుంటుంది. అందుకే పెద్ద లారీ దూసుకుపోయినా అంత తేలిగ్గా తోకాడించదు! కానీ ఆ కుదురుకు ఓ ధర ఉంది. ట్రైలర్ బరువులో 15 నుంచి 25 శాతం దాకా ట్రక్కు వీపు మీదే పడుతుంది!

ఇప్పుడు అసలు రహస్యం. దీన్ని మాత్రం కాగితం మీద రాసుకోండి! ట్రక్కు ప్రకటనల్లో "ఇంత బరువు లాగుతుంది" అని పెద్దపెద్ద అంకెలుంటాయి. వాటిని పక్కన పెట్టండి. డ్రైవర్ తలుపు తెరవండి. పక్కన పసుపు, తెలుపు రంగుల స్టిక్కర్ కనిపిస్తుంది. మనుషులూ సామానూ కలిపి ఆ ట్రక్కు ఎంత మోయగలదో దాని మీద ఉంటుంది. చిన్న పికప్‌లలో చాలావాటికి ఆ అంకె 2,000 పౌండ్ల లోపే! ఇక లెక్క వేయండి. 12,000 పౌండ్ల ట్రైలర్‌లో అయిదో వంతు ఎంత? 2,400! మీరు ఎక్కకముందే ట్రక్కు ఓడిపోయింది! ఇంకా మీ ఇద్దరి బరువు, ట్రైలర్‌ని తగిలించే హిచ్ బరువు, పనిముట్ల పెట్టె మిగిలే ఉన్నాయి. అందుకే నా మాట వినండి. ముందు ట్రైలర్ ఎంచుకోండి. దాన్ని మోయగల ట్రక్కు ఆ తర్వాత!

బ్రోషర్‌లో రాసే బరువు ఖాళీ ట్రైలర్‌ది! నీళ్లు లేవు, బట్టలు లేవు, బియ్యం బస్తా లేదు. 60 గ్యాలన్ల నీళ్ల ట్యాంకు నింపి చూడండి. ఒక్క నీళ్లకే 500 పౌండ్లు! అందుకే ఖాళీ బరువు చూసి కొనకండి. అన్నీ నింపాక ఉండే గరిష్ఠ బరువునే అడగండి.

ట్రక్కు తొట్టి పొడవు కూడా కొలవాలి! పొడవాటి తొట్టి 8 అడుగులుంటుంది. దానితో దాదాపు చింత లేదు. పొట్టి తొట్టి అయితే? గట్టిగా మలుపు తిప్పినప్పుడు ట్రైలర్ మూల వచ్చి ట్రక్కు వెనక అద్దాన్ని పగలగొట్టగలదు! అప్పుడు వెనక్కి జరిగే హిచ్ కావాలి. దానికి డబ్బు వేరు, బరువు వేరు!

విమానాల పితామహుల్లో ఒకరు ఇలాంటి ట్రైలర్లు తయారుచేశారు! ఆయన పేరు గ్లెన్ కర్టిస్. 1907లో మోటార్‌సైకిల్ మీద గంటకు 136 మైళ్ల వేగంతో దూసుకుపోయిన సాహసి! తర్వాత విమానాలు కట్టారు. ఆ తర్వాత 'ఏరోకార్' అనే ట్రైలర్. దాన్ని కారుకి దేనితో కలిపారో ఊహించండి. అడ్డంగా పడుకోబెట్టిన విమానం టైరుతో! కుదుపుల్ని ఆ గాలి టైరే మింగేసేది!

ఎత్తు సంగతి విన్నారా? పెద్ద ఫిఫ్త్ వీల్ ఎత్తు 13 అడుగుల 6 అంగుళాల దాకా ఉంటుంది! అంటే మామూలు కారు దారి చూపే మ్యాప్‌ని నమ్ముకుంటే ప్రమాదమే. నార్త్ కరోలినాలోని డర్హమ్‌లో ఓ రైలు వంతెన ఉంది. లారీల పైకప్పుల్ని ఒలిచేస్తుందని దానికి పెద్ద పేరు! 2019లో దాన్ని 8 అంగుళాలు పైకి లేపారు. అయినా మీ బండి దూరదు! కొన్నరోజే ఎత్తు మీరే కొలవండి. పైన ఉన్న ఏసీ పెట్టెతో కలిపి కొలవండి. ఆ అంకె స్టీరింగ్ ముందు అతికించండి!

కరెంటులో ఓ గమ్మత్తు! క్యాంపుల్లో రెండు రకాల ప్లగ్గులు కనిపిస్తాయి. ఒకటి 30 ఆంపియర్లు, ఇంకోటి 50. తేడా రెట్టింపు కూడా లేదనుకుంటాం కదా? కానే కాదు! మొదటిదాంట్లో 3,600 వాట్లు వస్తాయి. రెండోదాంట్లో 12,000! ఎందుకంటే అందులో 50 ఆంపియర్ల తీగలు రెండుంటాయి. అరిజోనా ఎండలో రెండు ఏసీలు కలిసి నడవాలంటే రెండోదే కావాలి.

నిప్పుతో ఐసు! నిజమే! చాలా క్యాంపర్లలో ఫ్రిజ్‌ను చల్లబరిచేది చిన్న గ్యాసు మంట. కంప్రెసర్ ఉండదు, చప్పుడుండదు. 1922లో స్వీడన్‌లో ఇద్దరు విద్యార్థులు కనిపెట్టిన పద్ధతి ఇది! అమ్మోనియా మరిగి, ఆవిరై, మళ్లీ ద్రవమవుతూ వేడిని లాక్కుపోతుంది. ఒకటే షరతు. బండి సమంగా నిలబడాలి, ఒరిగితే ఫ్రిజ్ మొరాయిస్తుంది! కొత్త బండ్లలో బ్యాటరీతో నడిచే ఫ్రిజ్‌లు వస్తున్నాయి. మీదాంట్లో ఏది ఉందో అడిగి తెలుసుకోండి.

మీట నొక్కితే గోడ బయటికి జరుగుతుంది! వీటినే స్లైడ్‌లంటారు. ఒక్కో బండికి 4, 5 కూడా ఉంటాయి. ఇరుకు గది క్షణాల్లో హాలైపోతుంది! కానీ షోరూములో ఓ పని తప్పక చేయించండి. అన్నీ లోపలికి మూయించండి. ఇప్పుడు బాత్రూముకి దారుందా? ఫ్రిజ్ తలుపు తెరుచుకుంటోందా? దారిలో భోజనానికి ఆగినప్పుడు మీకు మిగిలేది ఆ ఇల్లే!

మీ తల మీద కప్పేమిటో తెలుసా? రబ్బరు! చాలా ఫిఫ్త్ వీల్స్‌కి ప్లైవుడ్ మీద పలచటి రబ్బరు పొర పరుస్తారు. మందం 2 మిల్లీమీటర్లు కూడా ఉండదు! అంచుల్లో సీలు విడితే నీళ్లు చడీచప్పుడు లేకుండా గోడల్లోకి దిగుతాయి. సెకండ్‌హ్యాండ్ కొంటున్నారా? టార్చిలైటు గోడకి ఆనించి పక్క నుంచి వెలుగు వేయండి. బుడగలు కనిపిస్తే బేరం ఆపేయండి! మెరిసే వంటగది చూసి మనసు మార్చుకోవద్దు.

టైరు తన పుట్టినతేదీ తనే చెబుతుంది! పక్కన 'డాట్' అని మొదలయ్యే వరుస చూడండి. చివరి 4 అంకెలే కీలకం. 2319 అంటే 2019లో 23వ వారం! ట్రైలర్ టైర్లు నెలల తరబడి ఎండలో కదలకుండా ఉంటాయి. పైకి కొత్తగా మెరుస్తున్నా లోపల ఎండిపోతాయి. ఐదారేళ్లు దాటితే మార్చేయడమే మంచిది. హైవే మీద పగిలిన టైరు పక్క గోడనీ, గ్యాసు పైపునీ చీల్చేయగలదు. అమ్మేవారు "ఒక్క మైలూ తిరగలేదండీ" అంటే ఇంకా జాగ్రత్తగా చూడండి!

బండి వయసుకీ ఇలాంటి కిటుకే! ప్రతి ట్రైలర్‌కీ 17 అక్షరాల, అంకెల గుర్తింపు సంఖ్య ఉంటుంది. పదో స్థానంలో ఏముందో చూడండి. 'ఆర్' ఉంటే 2024 మోడల్, 'ఎస్' ఉంటే 2025! "సరికొత్తది" అంటూ రెండేళ్ల కిందటి మోడల్ చూపిస్తే ఇట్టే తెలిసిపోతుంది. అప్పుడు బేరం మీ చేతిలో!

ట్రైలర్ ఊడిపోతే? తనంతట తానే బ్రేకు వేసుకుంటుంది! ట్రక్కుకి కట్టిన సన్నటి తీగ ఓ పిన్నుని లాగేస్తుంది. ట్రైలర్‌లోని బ్యాటరీ వెంటనే చక్రాల్ని బిగిస్తుంది. అది కనీసం 15 నిమిషాలు పట్టి ఉంచాలన్నది ప్రమాణం! కొనే రోజే ఆ పిన్ను లాగించి చూడండి. బ్యాటరీ చచ్చి ఉంటే ఈ అద్భుతం పనిచేయదు!

కారు లైసెన్సు చాలకపోవచ్చు! కాలిఫోర్నియాలో ట్రైలర్ గరిష్ఠ బరువు 15,000 పౌండ్లు దాటితే పెద్ద బండ్ల తరగతి లైసెన్సు కావాలి. సొంత విహారానికే అయినా సరే! ఒక్కో రాష్ట్రానిదీ ఒక్కో పద్ధతి. అడ్వాన్సు ఇచ్చే ముందే మీ రాష్ట్రం లెక్క కనుక్కోండి.

పన్నుల శాఖ దృష్టిలో ఇది ఇల్లే! పడుకోవడానికి, వండుకోవడానికి, టాయిలెట్‌కి... ఈ 3 వసతులూ ఉంటే చాలు. రెండో ఇంటిగా లెక్కేసి అప్పు మీద వడ్డీకి మినహాయింపు అడగొచ్చు! అప్పు ఆ బండి తాకట్టు మీదే ఉండాలి. ఖర్చుల్ని విడివిడిగా చూపించే రిటర్ను వేయాలి.

అమెరికాలో తయారయ్యే ప్రతి 10 ఆర్‌వీల్లో (ఇలాంటి చక్రాల ఇళ్లలో) సుమారు 8 ఒక్క ఇండియానా రాష్ట్రం నుంచే వస్తాయి! అందులోనూ ఎల్క్‌హార్ట్ చుట్టుపక్కలే ఎక్కువ. కొన్ని ఫ్యాక్టరీలు లోపలికి రానిచ్చి చూపిస్తాయి కూడా. మీ గోడ లోపల ఏముందో మూసేయక ముందే చూడొచ్చు!

అరిజోనాలో క్వార్ట్‌సైట్ అనే ఊరుంది. 2020 లెక్కల్లో జనాభా 2,413! చలికాలం వస్తే ఎడారి నిండా క్యాంపర్లే. లక్షల్లో జనం! పక్కనే ఉన్న ప్రభుత్వ భూముల్లో ఒక్క పర్మిట్‌తో సెప్టెంబరు మధ్య నుంచి ఏప్రిల్ మధ్య దాకా ఉండిపోవచ్చు. మీకు బండి నచ్చుతుందో లేదోనన్న అనుమానముందా? ఓ చిన్నది అద్దెకు తీసుకుని అక్కడికి వెళ్లండి. ఎవరి గడప దగ్గర ఆగినా తమ బండి మంచీచెడూ విప్పి చెబుతారు!

తిరగలేని వయసొస్తే? దానికీ ఏర్పాటుంది! టెక్సస్‌లోని లివింగ్‌స్టన్‌లో ఎస్కేపీస్ అనే ఆర్‌వీ క్లబ్బుంది. 1978లో పుట్టింది. ఒంట్లో ఓపిక తగ్గినవాళ్లు తమ బండిలోనే ఉంటూ, భోజనం, సాయం అందుకునే కేంద్రం అక్కడ ఉంది. ఇల్లు మారక్కర్లేదు!

అమెరికాలో ఉన్న మన తెలుగు అమ్మానాన్నలకి ఓ తీపి కబురు! వయసు 62 నిండిందా? పౌరసత్వమే అక్కర్లేదు, గ్రీన్ కార్డున్నా చాలు. 80 డాలర్లకి జాతీయ పార్కుల సీనియర్ పాస్ వస్తుంది. ఏడాదికి కాదు, జీవితాంతానికి! మీతో బండిలో వచ్చేవాళ్లకీ అదే పాస్. చాలా ప్రభుత్వ క్యాంపుల్లో రాత్రి అద్దె సగమే! పార్కు గేటు దగ్గర వయసు, నివాసం రుజువు చూపిస్తే అప్పటికప్పుడే చేతిలో పెడతారు!