చిన్న పుండే కదా అనుకోవద్దు!



మా ఇళ్లలో కాలేజీ గడప తొక్కిన మొదటివాళ్లం మేమే. అందుకే ఇంట్లో ఎవరికి జబ్బు చేసినా డాక్టరు రాసిన చీటీ మా చేతికే వస్తుంది. "ఇండ్ల ఏం రాసిండు బిడ్డా?" అని అడుగుతారు. రేపు మిమ్మల్నీ అడుగుతారు. కనుక ఈ నాలుగు మాటలు రాస్తున్నాం.

హాస్టల్లో ఒకరికి గజ్జి వస్తే పదిమందికి అంటుకోవడం మనకు తెలిసిందే. గోకిన చోట స్ట్రెప్టోకాకస్ అనే సూక్ష్మజీవి చేరి చీము పడుతుంది. దాన్ని ఎదిరించడానికి శరీరం యాంటీబాడీలను తయారుచేస్తుంది. ఇవి సూక్ష్మజీవి పదార్థాలతో కలిసి కిడ్నీల్లోని సన్నని జల్లెడల్లో ఇరుక్కుంటే అక్కడ వాపు వస్తుంది. ఒక్కో కిడ్నీలో ఇలాంటి జల్లెడలు సుమారు 10 లక్షలుంటాయి. అవి దెబ్బతింటే రక్తం, ప్రొటీను మూత్రంలోకి జారిపోతాయి.

గొంతునొప్పి వచ్చిన 1 నుంచి 3 వారాలకు, చర్మంపై పుండు లేచిన 3 నుంచి 6 వారాలకు ఇది బయటపడవచ్చు. 1953లో అమెరికాలోని రెడ్ లేక్ ప్రాంతంలో చర్మపు పుండ్ల తర్వాత చాలామంది పిల్లలకు ఈ జబ్బు వచ్చింది.

పిల్లల్లో ఎక్కువమంది పూర్తిగా కోలుకుంటారు. పెద్దల సంగతి వేరు. వారిలో చాలాసార్లు స్టాఫిలోకాకస్ కారణమవుతుంది. పుండు మానకముందే కిడ్నీ వాచవచ్చు. షుగరు ఉన్నవారికి, వయసు పైబడినవారికి, మద్యం అలవాటున్నవారికి ముప్పు ఎక్కువ. కొందరి కిడ్నీలు మళ్లీ మామూలుగా పనిచేయవు.

మన నేరేడుచర్ల వైపు నాట్లప్పుడు అమ్మానాన్నలు రోజంతా బురదలోనే ఉంటారు. కాలివేళ్ల సందులు ఒరిసి పుండ్లవుతాయి. "అదే మానుతది" అని ఊరుకుంటారు. షుగరున్న నాన్న కాలి పుండును మాత్రం మనం వదిలేయకూడదు.

పొద్దున లేవగానే ముఖం ఉబ్బడం, కాళ్లకు నీరు రావడం, మూత్రం తగ్గడం, డికాక్షన్ రంగులో రావడం, బి.పి. పెరగడం దీని గుర్తులు. వెంటనే మూత్ర పరీక్ష, రక్తంలో క్రియాటినిన్ పరీక్ష చేయించాలి. సూర్యాపేటలో 2019 నుంచి ప్రభుత్వ మెడికల్ కాలేజీ ఉంది. ఉప్పు తగ్గించాలి. సొంతంగా నొప్పి బిళ్లలు మింగకూడదు. డాక్టరు చెప్పినన్ని రోజులూ మందులు వాడాలి.

తువ్వాలు, దుప్పటి ఎవరివి వారే వాడుకోండి. గజ్జి వస్తే సిగ్గుపడి దాచుకోకండి, గదిలో అందరూ ఒకేసారి మందు రాసుకోండి. ఈసారి సెలవులకు ఇంటికి వెళ్లినప్పుడు అమ్మానాన్నల కాళ్లు ఒకసారి చూడండి. మనం చదువుకున్న చదువుకు అంతకంటే మంచి మొదటి ఫలం ఏముంటుంది!